బొమ్మకు ముందు వ్రాత

గద్వాల చీరలోని హంస మగ్గము మీద పుట్టదు, కాగితము మీద పుట్టును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఒడలు నూలుగా, అంచు కొంగు పట్టుగా నేయు ఈ చీరకు ముందుగా గళ్ళ కాగితముపై బుటా వ్రాయుదురు. ఒక్కొక్క గడి పడుగు పేకల కలయికకు గుర్తు. ఆ గుర్తుల ప్రకారము అట్టలకు చిల్లులు పొడిచి జకార్డు సాధనమునకు ఎక్కింతురు. అట్టలు చేతికి వచ్చినచో, వ్రాసినవాడు ఊర లేకున్నను మరియొక నేతగాడు అదే హంసను దింపగలడు.

ఈ సాధనమును జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతమున ఫ్రాన్సులోని లియాన్ నగరమున రూపొందించెను. 1839లో అతని పటమునే పట్టులో నేయుటకు దాదాపు 24,000 అట్టలు పట్టినవి. ఆంగ్ల గణితజ్ఞుడు చార్లెస్ బాబేజి ఆ అట్టలనే తన లెక్కల యంత్రమునకు ఆదర్శముగా గైకొనెను. నేటి కంప్యూటరుకు వంశవృక్షము గీసినచో మగ్గము కూడ అందు చేరును.

కంప్యూటరు గీయు చిత్రమునకును ముందొక వ్రాత కావలెను. వస్తువు ఆకారమెట్టిది, దీపమెచట, కెమెరా ఎచట, ఉపరితలము నునుపా గరుకా అను వివరములన్నియు ఒక ఫైలులో ఉండును. దానిని చదివి చిత్రము గీయుట వేరొక ప్రోగ్రాము పని. దానినే రెండరింగు అందురు. 1988లో పిక్సార్ సంస్థ రెండర్‌మాన్ అను పేరుతో ఇట్టి వ్రాతకొక పద్ధతిని ప్రకటించెను. చిత్రమును కూర్చువారొకరు, గీయువారొకరు అయినను ఇద్దరకు ఒకే భాష ఉండవలెనన్నది ఉద్దేశము.

కాని భాషను ప్రకటించుట వేరు, దానిపై హక్కు వదలుట వేరు. రెండర్‌మాన్ పేరు, దాని ప్రకటిత పాఠము పిక్సార్ సొత్తుగానే నిలిచినవి. 1991లో వెలువడిన పోవ్‌రే అను ప్రోగ్రాము కథ మరియొక తీరు. దాని మూలపాఠము ఎవరైనను చూడవచ్చును. కాని దానిని అమ్ముకొనుటకు షరతులు అడ్డు. ఎందరో చేయివేసి వ్రాసినది గనుక అనుమతి పత్రము మార్చవలెనన్న అందరి సమ్మతి కావలెను. 2013లో గాని అది స్వేచ్ఛా అనుమతి క్రిందికి రాలేదు. 2016 జూలైలో పిక్సార్ తన యుఎస్‌డి అను దృశ్యవివరణ పద్ధతిని, మూలపాఠముతో సహా అందరకు తెరచెను. అదే ఏడు అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కొత్త జిల్లా కేంద్రములైనవి.

ఇందు మన నేతగాండ్రకు సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము 2003లో అమలులోనికి వచ్చినది. దాని క్రింద గద్వాల చీరకు రక్షణ లభించినది. అది కాపాడునది పేరును. ప్రతి బుటాను కాదు. కొత్త డిజైనుకు 2000 నాటి డిజైనుల చట్టము వేరుగా నున్నది. నమోదు చేసికొన్నచో గరిష్ఠముగా 15 ఏండ్ల రక్షణ. నమోదు కాని బుటా మరమగ్గముల పాలైనచో అడుగువాడుండడు.

కావున రెండు ప్రశ్నలను కలుపరాదు. వ్రాయు పద్ధతి ఎల్లరదిగా ఉండవలెను. లేనిచో ఆ పద్ధతి గలవాడు మూతపడిన నాడు పాత చిత్రములను చదువువాడే కరవగును. ఆ పద్ధతిలో వ్రాసిన హంస మాత్రము వ్రాసినవానిది. గళ్ళ కాగితము ఎవరైనను కొనవచ్చును. దానిపై రాత్రింబవళ్ళు కూర్చుండి గడులు నింపినవాని కూలిని మాత్రము ఎవ్వరును ఉచితముగా గైకొనరాదు.