కామందు చిట్టా, పాలేరు మాట

1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని సాహిత్య విద్యార్థులు ఒకసారి చదవాలి. మనిషిని అప్పుకు కట్టేసే పద్ధతిని దేశంలో ఎక్కడెక్కడ ఏయే పేర్లతో పిలుస్తారో చెప్పే జాబితా దాని రెండో సెక్షనులో ఉంది. హాలి, కామియా, సాగ్రి వంటి పేర్ల మధ్య భగేలా, జీత, పాలేరు, వెట్టి అన్న మాటలూ కనిపిస్తాయి. దుర్గిలో, మాచర్లలో, గురజాలలో తెల్లవారితే వినిపించే పిలుపు ఆ విధంగా దేశ శాసనంలోకి ఎక్కింది. పదిహేనో సెక్షను అంతకన్నా ముఖ్యమైనది. తన మీద ఉన్న బాకీ వెట్టి బాకీ అని కూలివాడు చెబితే, అది అలాంటిది కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. అంతకు ముందు సాక్ష్యం తెమ్మని కూలివాణ్ణే అడిగేవారు. ఆ బరువును చట్టం ఎత్తి అవతలివాడి నెత్తిన పెట్టింది. మన చరిత్ర రచన మాత్రం ఈ నాటికీ పాలేరునే రుజువులు తెమ్మంటున్నది. కాగితం చూపించమంటున్నది. కాగితమేమో కామందు భోషాణంలో ఉంది.

ఈ చిక్కు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో బానిసత్వం గురించి రాసిన చరిత్రకారులు దీనితో సుమారు అర్ధశతాబ్దం కుస్తీ పట్టారు. వారి తగాదాలోంచి మనకు పనికివచ్చేది చాలా ఉందని నా అభిప్రాయం. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేసి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో వెలువరించిన నాటి నుంచి కుంటా కింటే మన ఇళ్ళలో మనిషైపోయాడు. ఆ పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు లక్షల్లో ఉంటారు. కాని ఆ గాథకు వెనక ఉన్న పరిశోధన ఎలా జరిగింది, నోరులేని వాళ్ళ నోటిమాట ఎక్కడ దొరికింది అనే విచారణ మన పత్రికల్లో పెద్దగా సాగలేదు.

మిసిసిపీ పత్తిచేలు పల్నాటికి మరీ దూరమైనవి కావు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధం చేయడంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. ఆ కరువు తీర్చడానికి వ్యాపారులు ఇండియా మీద పడ్డారు. అప్పుడు గుంటూరు సీమ కృష్ణా జిల్లాలో భాగం. ఇక్కడి పత్తి కాకినాడ రేవునుంచి ఓడలెక్కింది. ఆ రేవు పేరే సరుకుకు పేరై, విదేశీ బజారులో మన పత్తిని ‘కొకనాడా’ అన్నారు. 1865లో యుద్ధం ముగిసింది, తరువాత ధర పడిపోయింది. ఈ ఎత్తుపల్లాలన్నీ గెజిట్లలో, వర్తక సంఘాల నివేదికల్లో టన్నులతో, పౌన్లతో నమోదై ఉన్నాయి. ఆ పత్తి తీసిన ఆడవాళ్ళ వేళ్ళ సంగతి ఏ పట్టికలోనూ లేదు. అవతలి ఒడ్డున అలా కాదు. అపహరణకు గురై పన్నెండేళ్ళు బానిసగా బతికి బయటపడిన సాలమన్ నార్తప్ 1853లో అచ్చువేసిన పుస్తకంలో రోజుకు రెండు వందల పౌన్ల పత్తి తీయాలన్న లెక్కనూ, సాయంత్రం తూకం దగ్గర వణుకునూ రాసిపెట్టాడు. ఒకే పంట, ఒకే బజారు. ఒక ఒడ్డున కూలి నోట పుస్తకం పుట్టింది, రెండో ఒడ్డున పుట్టలేదు.

అయితే పుస్తకం పుట్టినంత మాత్రాన చరిత్రకారుడు దాన్ని నమ్మాడా? లేదు. 1918లో యు.బి. ఫిలిప్స్ రాసిన ‘అమెరికన్ నీగ్రో స్లేవరీ’ చాలాకాలం ప్రామాణిక గ్రంథంగా చలామణి అయింది. ఆయన ఆధారాలు తోటల యజమానుల ఉత్తరాలు, దినచర్యలు, ఖాతాలు. వాటిలో బానిస ఎలా కనిపిస్తాడో ఊహించవచ్చు. తిండి తిని, పాటలు పాడి, అప్పుడప్పుడు దెబ్బలు తిని, మొత్తం మీద సంతోషంగా ఉండే పెద్ద పిల్లవాడుగా కనిపిస్తాడు. డుబోయిస్ 1935లో, ఆప్తేకర్ 1943లో ఈ బొమ్మను బద్దలు కొట్టారు. యుద్ధకాలంలో లక్షలాది బానిసలు తోటలు వదిలి నడిచిపోవడాన్ని డుబోయిస్ సార్వత్రిక సమ్మె అన్నాడు. బానిసల తిరుగుబాట్లను ఆప్తేకర్ ఏరి ఏరి కూర్చాడు. విశ్వవిద్యాలయాల పెద్దలు ఇద్దరినీ చాలాకాలం పక్కనే కూర్చోబెట్టారు.

అంకెలు అబద్ధమాడవని నమ్మే విద్యార్థుల కోసం ఒక ఉదాహరణ చెబుతాను. 1974లో ఫోగెల్, ఎంగర్మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బానిసత్వాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టి ఒక గ్రంథం వెలువరించారు. లూసియానాలో బారో అనే తోట యజమాని దినచర్యలో కొరడా దెబ్బల పట్టీ ఉంది. సుమారు రెండేళ్ళలో 160 శిక్షలు. దానిని మనుషుల సంఖ్యతో భాగించి, తలకు ఏడాదికి 0.7 శిక్ష అని వారు తేల్చారు. చదివినవాడికి ఏమనిపిస్తుంది? ఏడాదికి ఒక్కటి కూడా పడలేదే అనిపిస్తుంది. మరుసటి ఏడాది హెర్బర్ట్ గట్మన్ అదే పట్టీ ముందు పెట్టుకుని వేరే లెక్క వేశాడు. ఆ తోటలో నాలుగున్నర రోజులకొకసారి ఎవరో ఒకరి ఒంటిమీద కొరడా పడింది. ఆ అరుపు వినని చెవి, ఆ వీపు చూడని కన్ను అక్కడ లేదు. కొరడా పనిచేసేది వీపు మీద మాత్రమే కాదు, చూసేవాళ్ళ గుండెల మీద కూడా. సగటులో ఆ సంగతి పట్టదు. పట్టీ ఒక్కటే, భాగహారమూ తప్పు కాదు. తోట నడుమ నిలబడి లెక్క వేశామా, యజమాని వరండాలో కూచుని వేశామా అన్నదే తేడా.

ఇక నోటిమాట. 1936 నుంచి 1938 వరకు, ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులైన రచయితలకు పని కల్పించే సర్కారు పథకం కింద, ఒకప్పుడు బానిసలుగా బతికిన రెండు వేల పైచిలుకు వృద్ధులను కలిసి వారి మాటలు రాసుకున్నారు. రచయితలకు కూలిచ్చి ప్రభుత్వం చేయించిన పనుల్లో ఇంతటిది మరొకటి ఉందో లేదో! ఆ వాంగ్మూలాలు చాలాకాలం దుమ్ముకొట్టుకుని, 1972లో జార్జి రావిక్ సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చు కావడం మొదలైంది. వీటిలో దక్షిణ కరొలినాలోని చార్లెస్టన్‌కు చెందిన సూసన్ హామ్లిన్ అనే ముసలమ్మ మాటలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకసారి ఆమెను అడిగింది తెల్ల స్త్రీ. వచ్చినామె సహాయం పంచే ఆఫీసు మనిషి అనుకుంది ముసలమ్మ. యజమాని మంచివాడని చెప్పింది. రెండోసారి అడిగింది నల్లవాడు. ఈసారి కొరడాలు వచ్చాయి, బిడ్డల్ని అమ్ముతుంటే తల్లులు పెట్టిన ఏడ్పులు వచ్చాయి. ఏది నిజం? రెండూ ఆమె మాటలే. మొదటి వాంగ్మూలం కూడా గొప్ప ఆధారమేనని నేనంటాను. 1930లలో తెల్లవాళ్ళ ఎదుట నల్ల ముసలమ్మ ఎంత జాగ్రత్తగా బతకవలసి వచ్చేదో అంతకన్నా బాగా చెప్పే కాగితం మరొకటి లేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1861లో హారియెట్ జాకబ్స్ మారుపేరుతో తన బానిస జీవితాన్ని రాస్తే, అది మరీ నవలలాగా ఉందంటూ పండితులు నూరేళ్ళకు పైగా పక్కన పెట్టారు. బానిసల పక్షాన 1972లో గొప్ప పుస్తకం రాసిన బ్లాసింగేమ్ కూడా దాన్ని నమ్మలేదు. జీన్ ఫాగన్ యెలిన్ ఉత్తరాలన్నీ తవ్వి అది ఆమె స్వహస్త రచనేనని 1980లలో నిరూపించింది. రాత బాగుంటే అబద్ధమన్నారు, బాగా లేకపోతే ఆధారం కాదన్నారు. ఇటువంటి విమర్శకులు మనకూ తెలుసు.

ఇప్పుడు దుర్గికి వద్దాం. కాకతీయుల కాలపు శాసనమున్న ఊరు ఇది. రాతిపని వాళ్ళకు పేరుపడ్డ ఊరు. శాసనంలో దానమిచ్చిన వాడున్నాడు, దానం పుచ్చుకున్న దేవుడున్నాడు, ఆ భూమిని దున్నినవాడు లేడు. పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడు చాటువు చెప్పుకుని విసుక్కున్నాడంటారు. మహాకవి కాబట్టి నాలుగు పూటల అసౌకర్యం ఆరువందల ఏళ్ళు నిలిచింది. దుర్గి మండలంలోనే మించాలపాడు ఉంది. పుల్లరి కట్టమని ఎదురు తిరిగి 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్ళకు నేలకొరిగిన కన్నెగంటి హనుమంతు ఊరు. ఆయన పేరు చరిత్రలో నిలవడం న్యాయం. అయితే పుల్లరి గొడ్డు తలకింత అని వేసిన పన్ను. ఆ గొడ్లను పొద్దున అడవికి తోలి, సాయంత్రం లెక్క తప్పకుండా మళ్ళించుకొచ్చినవాళ్ళు ఎక్కువమంది జీతానికి కుదిరిన పిల్లలు. అటవీ సిబ్బంది మొదట అదిలించింది ఎవర్ని? ఆ పిల్లల్ని. వాళ్ళలో ఒక్కరి పేరైనా మనం చెప్పగలమా?

పాలేరును బానిస అనేస్తే చరిత్ర అయిపోదు. అమెరికా బానిస సరుకు. సంతలో అమ్ముడుపోయాడు, వీలునామాలో పశువుల పక్కన రాశారు. పాలేరుకు ఆ గతి లేదు. 1843 చట్టం తరువాత కోర్టులు మనిషి మీద హక్కును గుర్తించలేదు. పాలేరును కట్టింది అప్పు. కాబట్టి అతనికి అసలు దాయాది 1865కు ముందటి బానిస కాదు, విముక్తి వచ్చాక అదే తోటలో పాలుకు దున్నుతూ, యజమాని కొట్లో అరువు తెచ్చుకుంటూ, ఏడాది చివర లెక్క చూస్తే ఎప్పుడూ బాకీగానే తేలిన నల్ల రైతు. కాగితం మీద ఇద్దరూ స్వతంత్రులే. లెక్క రాసేవాడు ఒక్కడే కావడం ఇద్దరికీ సమానం.

నేను కామందుల ఇళ్ళలో పుట్టిపెరిగినవాణ్ణి. దుర్గి చుట్టుపక్కల పల్లెల్లో పాతకాలపు పాలేళ్ళను కలిసి రాసుకోవడం నా పని అయినప్పటి నుంచీ ఈ పుట్టుక నా కలం పక్కనే కూచుంటున్నది. ఒక ముసలాయన నన్ను చూడగానే నులకమంచం మీంచి లేచాడు. ఎంత చెప్పినా కూచోలేదు. “బంగారం లాంటి మారాజయ్యా. తిండికి లోటు చేయలా” అన్నాడు. అంతే. కొన్నాళ్ళకు ఆయన మనుమరాలు, డిగ్రీ చదివే పిల్ల, పొయ్యి దగ్గర కూచుని అవే ప్రశ్నలు అడిగింది. కొట్టడాలు, తిట్టడాలు ఆమెకూ చెప్పలేదు. నిద్ర గురించి చెప్పాడు. పన్నెండేళ్ళప్పటి నుంచి గొడ్లచావిట్లోనే పడక. తొలికోడి కూయకముందే ఎద్దులకు మేత. పెళ్ళయిన ఏడు కూడా అక్కడే పడక. ఏ సంవత్సరం ఏమైందని అడిగితే తారీఖులు లేవు. ఫలానా కోడె చచ్చిన ఏడు, ఫలానా బావి తవ్విన ఏడు అని చెప్పాడు. బాకీ ఎంత తాతా అంటే, “ఆ లెక్క నాకేం ఎరుకమ్మా, కామందుకే ఎరుక. మా అయ్యప్పుడు తెచ్చింది” అన్నాడట. ఆ అమ్మాయి నోటుబుక్కులో ఆ మాట పక్కన, తాత కొంచెంసేపు మాట్లాడలేదు అని కూడా రాసుకుంది. పరిశోధన అంటే ఇది.

ఇంతదాకా ఈ పనిని మన ప్రాంతంలో చరిత్రకారుల కన్నా రచయితలే ఎక్కువ చేశారు. పుల్లరి సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ జైల్లోనే ‘మాలపల్లి’ రాశారు. సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోవడం, దాని వెనక కూలి తగాదా, ఏ రెవెన్యూ రికార్డూ ఇవ్వని సమాచారం. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించడమే దానికొక ధ్రువపత్రం. అయినా నవల నవలే. ఉన్నవ వారిది సంస్కర్త కన్ను. రామదాసు వేదాంతం ఎంతవరకు ఆ పేటది, ఎంతవరకు రచయితది అన్న ప్రశ్నను మన విమర్శకులు భక్తి వల్ల అడగడం మానేశారు. అడగాలి. వినుకొండలో పుట్టిన జాషువాను చదివాక మరీ అడగాలి.

కాగితాలు అసలే లేవన్నది కూడా సగం నిజం. కామందుల చిట్టాలున్నాయి. వాటిని గట్మన్ బారో పట్టీని చదివినట్లు చదవాలి. ప్రోనోట్ల మీద వేలిముద్రలున్నాయి. ఇంకొకటి ఉంది. హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరాడు. అప్పటికి ఆయన దేశంలో మనుషులను ఇంకా బహిరంగంగా వేలం వేస్తున్నారు. ఇది కాలం ఆడిన పరిహాసమనుకోండి. మిషన్ చర్చిలకు బాప్తిస్మం, పెళ్ళి, మరణం పుస్తకానికెక్కించే అలవాటుంది. చిట్టాలో ‘గాడు’ తోక తగిలించుకుని సగం పేరుతో ఉన్న మనిషి అక్కడ పూర్తి పేరుతో, తల్లి పేరుతో, తండ్రి పేరుతో కనిపిస్తాడు. తోటల జనన పట్టికలు పట్టుకుని గట్మన్ 1976లో, కొడుక్కు తండ్రి పేరు, తాత పేరు పెట్టుకునే ఆచారం బానిసల్లో ఎంత బలంగా ఉందో చూపించాడు. బిడ్డలను అమ్మేస్తారని తెలిసినవాళ్ళు పేరులో వంశాన్ని దాచుకున్నారు. మన పేటల్లో క్రైస్తవ నామం కింద తాత పేరు ఎన్ని ఇళ్ళలో బతికి ఉందో, ఇంటిపేర్లు ఎప్పుడు కాగితానికెక్కాయో, పాలేరుగా కుదిరిన ఏడు ఆ కుటుంబంలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో ఆ పుస్తకాల్లో వెతకవచ్చు. దుర్గి నుంచి గురజాల వెళ్ళడానికి ఒక బస్సు చాలు. ఆ పిల్ల తన తాత తండ్రి పేరు దగ్గర మొదలుపెడతానంటున్నది.