నాంపల్లిలో ఆఫ్రికా

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అందరూ ఆగే చోటు మమ్మీ గది. బడిపిల్లలు వరుస తప్పి అద్దాల పెట్టె చుట్టూ మూగుతారు. టీచరు "ఈజిప్టు" అని చెప్తుంది. ఈజిప్టు ఆఫ్రికాలో ఉందన్న మాట మాత్రం అక్కడ ఎవరి నోటా వినపడదు. బయటికొచ్చి మాసాబ్ ట్యాంక్ వైపు కొద్దిదూరం వెళ్తే ఏసీ గార్డ్స్ బస్తీ వస్తుంది. ఆ పేరులోని ఏసీ అంటే 'ఆఫ్రికన్ కావల్రీ'. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వదళం కాపురమున్న చోటది. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. అద్దాల పెట్టెలో ఆఫ్రికాను చూడ్డానికి టికెట్ కొంటాం, పక్క వీధిలో బతికున్న ఆఫ్రికాను గుర్తుపట్టం.

ఆఫ్రికాను, ప్రపంచమంతటా చెదిరిన ఆఫ్రికన్ సంతతిని చరిత్ర, సాహిత్యం, సంగీతం, సమాజశాస్త్రం కలిపి బోధించే కోర్సులు ఈనాడు చాలా దేశాల్లో ఉన్నాయి. ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే ఇలాంటి కోర్సును మైనర్ అంటున్నారు. మన హైదరాబాద్‌కు ఆ చదువు పరాయిది కాదు. దానికి కావలసిన సరుకంతా ఇక్కడ ఎప్పటి నుంచో పోగుపడి ఉంది.

దక్కన్‌కు ఆఫ్రికన్లు బహమనీల కాలానికే వచ్చారు. అబిసీనియాను, అంటే నేటి ఇథియోపియాను, అరబ్బులు హబష్ అంటారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు హబ్షీలయ్యారు. సిద్దీలన్న పేరూ ఉంది. బానిసలుగా అమ్ముడైన వాళ్లలో చాలామంది సైనికులై, కొందరు సేనానులై, రాజ్యాలే నడిపారు. మాలిక్ అంబర్ కథ చూడండి. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ దక్కన్ చేరాడు. అహ్మద్‌నగర్ నిజాంషాహీకి పేష్వా అయ్యాడు. మొగలులను ఏళ్లతరబడి నిలువరించాడు. 1610లో ఖడ్కీ నగరాన్ని కట్టించాడు. అదే తర్వాత ఔరంగాబాద్ అయింది. 1626లో కన్నుమూశాడు. అమెరికా పత్తిచేలలో బానిసకు దక్కని దారి ఒకటి దక్కన్‌లో దక్కింది. బానిసత్వం బానిసత్వమే, ఆ మాట మరవకూడదు. కానీ రెండు గడ్డల మీదా ఆ బతుకులు వేర్వేరు దారుల్లో ఎందుకు నడిచాయన్న ప్రశ్న దగ్గరే అసలు చదువు మొదలవుతుంది.

హైదరాబాద్ కథలో వనపర్తి సంస్థానం కూడా ఉంది. అక్కడి రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికన్ దళం 19వ శతాబ్దంలో నిజాం సైన్యంలో చేరింది. ఊరేగింపుల్లో, కాపలాల్లో ఆ రౌతులు కొట్టొచ్చినట్టు కనిపించేవారు. 1948లో హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిసిపోయాక ఆ కొలువుకు కాలం చెల్లింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి. బస్తీ పేరు, మర్ఫా దరువు మిగిలాయి. పెళ్లి బరాత్ ముందు డోలు, డఫ్ఫు ఒకదాన్నొకటి తరుముతుంటే, కర్రలు స్టీలు బిందె మీద దరువేస్తుంటే, పెళ్లివారు తమకు తెలియకుండానే అడుగు కలుపుతారు. ఆ దరువును ఈ నేలకు తెచ్చింది సిద్దీలూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ. ఇవాళ అది హైదరాబాదీ దరువు. పెళ్లి ఏ మతం వారిదైనా మోగుతుంది.

మరి విశ్వవిద్యాలయాలు ఏం చేశాయి? 1955లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ అధ్యయన విభాగం పుట్టింది. అది ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సు జరిగిన ఏడాది. వలసపాలన నుంచి బయటపడుతున్న దేశాలతో స్నేహం కోసం ఆ చదువు. అమెరికాలో దారి వేరు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు తరగతులు మానేసి నెలల తరబడి సమ్మె చేసి బ్లాక్ స్టడీస్ విభాగాన్ని సాధించుకున్నారు. ఢిల్లీలో ప్రభుత్వం తెరిచిన తలుపును అక్కడ పిల్లలు తోసుకుని తెరిచారు.

హైదరాబాద్‌లో ఆ పని ముక్కలు ముక్కలుగా జరిగింది. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. నల్లజాతి రచయితలను చదవాలనుకున్న దేశంలోని పరిశోధకులకు దాని గ్రంథాలయం పెద్ద దిక్కయింది. 1980లలో అదే విశ్వవిద్యాలయంలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం వచ్చింది.

ఇక ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్. సరోజినీ నాయుడు ఇల్లు. 1924లో ఆమె మొంబాసా వెళ్లి తూర్పు ఆఫ్రికా భారతీయుల కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికాకూ వెళ్లారు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో ఆ ఇంట్లోనే నడిచింది. 1996లో ఆ విశ్వవిద్యాలయం ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం తెరిచింది. మనవాళ్లు డర్బన్‌కు, మారిషస్‌కు ఎలా వెళ్లారో అక్కడ చదువుతారు. అది అవసరమైన చదువే. అదే సముద్రం మీద ఎదురు వచ్చిన ఓడల సంగతి కూడా అంతే అవసరం.

ఆ ఎదురు ఓడల గురించి రాసినవాళ్లలో దూరాన ఉన్నవాళ్లే ఎక్కువ. అమెరికన్ చరిత్రకారుడు జోసెఫ్ హారిస్ 1971లో ఆసియాలోని ఆఫ్రికన్లపై పుస్తకం తెచ్చారు. ఇక్కడే పుట్టి అమెరికాలో పనిచేసిన ఒమర్ ఖాలిదీ దక్కన్ హబ్షీలపై రాశారు. 2004లో ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిందా యిమెనె హైదరాబాద్ సిద్దీల మీద ఒక గ్రంథమే వెలువరించారు. ఆఫ్రికా నుంచి ఒకాయన వచ్చి మన బస్తీ గురించి రాస్తేగాని మనకు పుస్తకం దొరకలేదన్నది నన్ను బాధించే విషయం.

తెలుగు పాఠకుడు మాత్రం విశ్వవిద్యాలయం కోసం ఆగలేదు. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. సహవాసి దాన్ని 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికా నుంచి బానిసగా అమెరికాకు తరలించబడ్డ ఆ నవలలోని కుంటా కింటే మన ఇళ్లలో మనిషైపోయాడు. ఆదివారం ఆబిడ్స్‌లో దించిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరిచినప్పుడు ఆ పుస్తకం కోసం నేనిప్పటికీ వెతుకుతాను. దొరికిన ప్రతిలో ఎవరో ఒకరు పెన్సిలుతో గీతలు గీసే ఉంటారు. తన ఊరి తరాల గోడు అందులో కనబడే గదా ఆ గీతలు గీసింది.

2020 జాతీయ విద్యా విధానం మైనర్ సబ్జెక్టులకు చోటిచ్చింది. కాబట్టి అడుగుతున్నాను. చరిత్రవాళ్లు మాలిక్ అంబర్‌ను చెప్పనీ, సాహిత్యంవాళ్లు 'ఏడు తరాలు' చెప్పనీ, సంగీతంవాళ్లు మర్ఫా చెప్పనీ. ఈ నగరంలో చదువుకుంటున్న ఆఫ్రికన్ విద్యార్థులు అదే తరగతిలో కూర్చోనీ. ఏసీ గార్డ్స్ పెద్దలను పరిశోధనకు వస్తువులుగా కాక పాఠం చెప్పేవాళ్లుగా పిలవండి. మొదటి రోజు పాఠం మ్యూజియంలో మమ్మీ దగ్గర మొదలుపెట్టి, నడుచుకుంటూ వెళ్లి ఆ బస్తీలో ముగించవచ్చు.