బీకన్ పోయింది, పిక్సెల్ వచ్చింది

పొద్దున ఏదో సైట్లో చెప్పులు చూస్తాం. సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో అవే చెప్పుల ప్రకటన! "వీళ్ళకెలా తెలిసిందబ్బా" అని ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. నాకైతే ఆ ఆశ్చర్యమే ఆశ్చర్యం. ఎందుకంటే ఫేస్‌బుక్ ఈ పని 2007లోనే, అందరికీ కనపడేట్టు చేసింది.

ఆ ఏడాది నవంబరు 6న న్యూయార్కులో మార్క్ జకర్‌బర్గ్ తన కొత్త ప్రకటనల వ్యవస్థని విడుదల చేశాడు. కంపెనీలకి పేజీలు, సోషల్ యాడ్స్, వాటితోపాటు బీకన్. కంపెనీ పది సార్లు డప్పు కొట్టుకునేకన్నా, మన స్నేహితుడు "నేనిది కొన్నా" అంటే ఎక్కువ నమ్ముతాం కదా, అదీ లెక్క. మొదట్లో 44 సైట్లు చేరాయి. అక్కడ మనమేదైనా కొంటే, ఆ పేజీలోని స్క్రిప్టు వెళ్ళి ఫేస్‌బుక్‌కి చెప్పేది. ఓ మూల చిన్న కిటికీ తెరుచుకునేది. దాన్ని గమనించకపోతే ఒప్పుకున్నట్టే! స్నేహితులందరికీ వార్త వెళ్ళిపోయేది.

ఒకాయన క్రిస్మస్‌కి భార్యకి ఇద్దామని ఓవర్‌స్టాక్‌లో రహస్యంగా ఉంగరం కొన్నాడు. డిస్కౌంటుతో సహా ఊరందరికీ తెలిసిపోయింది, ఆవిడక్కూడా. ఇంకేముంది, గోల మొదలైంది. మూవాన్ అనే సంస్థ పెట్టిన వినతిపత్రం మీద 50 వేల మందికి పైగా సంతకాలు చేశారు. డిసెంబరు 5న జకర్‌బర్గ్ క్షమాపణ చెప్పి, బీకన్‌ని పూర్తిగా ఆపేసుకునే వీలిచ్చాడు. 2008లో కోర్టు కేసు, 2009లో 95 లక్షల డాలర్ల రాజీ, బీకన్ మూత.

జనం గెలిచారు, కథ కంచికి అనుకున్నాం. కానీ అసలు కథ ఇక్కడే ఉంది.

2015లో ఫేస్‌బుక్ పిక్సెల్ వచ్చింది. సైట్లో నాలుగు లైన్ల జావాస్క్రిప్టు. కొనగానే 'పర్చేజ్' అనే ఈవెంటు ఫేస్‌బుక్‌కి వెళ్తుంది. డేటా నడిచే దారి దాదాపు బీకన్‌దే! తేడా ఒక్కటే: బీకన్ మన కొనుగోలుని స్నేహితులకి చూపించింది, పిక్సెల్ ఎవరికీ చూపించదు. ప్రకటన ఎవరికి వెయ్యాలో తేల్చుకోడానికి వాడుకుంటుంది, అంతే. కిటికీ లేదు, కాబట్టి గోలా అంతగా లేదు. అంటే బీకన్ నుంచి ఫేస్‌బుక్ నేర్చుకున్న పాఠం 'అడక్కుండా తీసుకోకూడదు' అని కాదు, 'తీసుకున్నట్టు కనపడకూడదు' అని.

ఇది నా ఊహే అనుకుంటారేమో. 2021 ఏప్రిల్లో ఆపిల్ ఏం చేసిందో చూడండి. ఐఫోన్లో "ఈ యాప్ మిమ్మల్ని వెంబడించొచ్చా?" అనే ప్రశ్న తప్పనిసరి చేసింది. చాలామంది వద్దన్నారు. ఆ మార్పు వల్ల 2022లో ఆదాయం దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు తగ్గొచ్చని మెటానే చెప్పింది. సూటిగా అడిగితే జనం ఏమంటారో 2007లోనూ తెలిసింది, 2021లోనూ తెలిసింది. అడక్కపోవడం మీదే ఈ వ్యాపారం నడిచింది.

చిన్న దుకాణదారుడికి ఈ ప్రకటనలు నిజంగా ఉపయోగమే, కాదనను. కానీ మార్కెటింగ్ వాళ్ళు పంపిన ఆ నాలుగు లైన్లని సైట్లో అతికించేది ఎవరు? మనమే కదా! టికెట్ క్లోజ్ చేసేముందు "ఇది యూజర్ని ఎక్కడ అడుగుతోంది?" అని ఒక్క కామెంటు రాస్తే మన సొమ్మేం పోతుంది? ఏమంటారు?