గుట్టదారిలో నల్లగొర్రెలు

యాదగిరిగుట్టకు వెళ్లని ఇల్లు హైదరాబాదులో అరుదే. వ్రతమనో, పిల్లవాడి పుట్టువెంట్రుకలనో ఏదో ఒక మొక్కు మనను అక్కడికి లాక్కుపోతూనే ఉంటుంది. భువనగిరి దాటి రాయగిరి వైపు వస్తూంటే ఒక్కోసారి రోడ్డుకు అడ్డంగా గొర్రెలమంద వస్తుంది. డ్రైవరు హారన్ మోగిస్తాడు, మనం విసుక్కుంటాం. ఈసారి విసుక్కోకుండా ఆ మందను కాస్త పరికించి చూడండి. పొడుగుకాళ్లతో, నున్నని ఒంటితో, తెల్లగానో గోధుమరంగుగానో మేకల్లా కనిపించేవే ఎక్కువ. వాటి మధ్య కాస్త పొట్టిగా, నల్లగా, ఒళ్లంతా ముద్దలు కట్టిన బొచ్చుతో ఒకటో రెండో ఉంటే మీ అదృష్టం. ఈ నల్లవాటి సంగతే ఈవేళ మీతో ముచ్చటించాలని. నల్లగొండ, పాలమూరు మెట్టనేలల అసలు గొర్రె ఇది. దక్కనీ గొర్రె అంటారు.

గొర్రెకు చరిత్ర ఏమిటమ్మా అంటారేమో! కాకతి రుద్రమదేవి మరణవార్త చెప్పే 1289 నాటి శాసనం ఈ నల్లగొండ సీమలోనే, చందుపట్లలో దొరికింది. ఇంచుమించు ఆ రోజులవాడే వెనిస్ యాత్రికుడు మార్కోపోలో. మోటుపల్లి రేవు పేరుతో ఆమె రాజ్యాన్ని వర్ణిస్తూ వజ్రాలను మెచ్చుకున్నాడు, సాలెగూడు లాంటి సన్నని బట్టలను మెచ్చుకున్నాడు, ఆ పైన లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడివేనన్నాడు. వజ్రాలూ బట్టలూ మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి గాని గొర్రెల మాట ఎవరికీ పట్టలేదు. మోటుపల్లి కోస్తాలోది కనుక ఆయన చెప్పినవి నెల్లూరు జాతి గొర్రెలై ఉంటాయని నా ఊహ. మన దేశపు గొర్రెలలో అన్నిటికంటే ఎత్తయినది అదే. కాని దానికి ఉన్ని లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనిపడుతుంది.

ఉన్ని గొర్రెను నమ్ముకున్నవారు కురుమలు. కర్ణాటకలో కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్లు వీరికి దాయాదులు. వీరిలో పెళ్లికి ఉన్నికంకణం కట్టుకునే శాఖ ఒకటి, పత్తికంకణం కట్టుకునే శాఖ ఒకటి ఉన్నాయంటే ఆ ఉన్నికి వారి బతుకులో ఎంత చోటుందో చూడండి. బీరప్ప, మల్లన్న కథలను ఒగ్గుకథగా రాత్రుళ్లు చెప్పేదీ వీరే.

ఇక ఆ పని సంగతి. ఏడాదికి రెండుమార్లు గొర్రెలను చెరువులో కడిగి, ఎండలో ఆరనిచ్చి, పెద్ద ఇనుపకత్తెరతో బొచ్చు కత్తిరిస్తారు. ఒక్కో గొర్రె నుంచి ఒక విడతకు అరకిలో వస్తే గొప్పే. ఒక గొంగడికి ఎన్ని గొర్రెల ఉన్ని కావాలో లెక్క మీరే కట్టుకోండి. దాన్ని విడదీసి, దుమ్మూ ముళ్లూ ఏరి, ఏకి, వడకాలి. తరువాత నేసే ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. మన చారుకు చింతపండు పిసికి పారేసే గింజే ఆ నూలును బిగువుగా నిలబెట్టేది. అప్పుడు గుంటమగ్గం మీద నేత.

ఇందులో ఏరటం, వడకటం ఆడవాళ్లవి. వంటా పిల్లలూ పొలం పనీ అయ్యాక మిగిలిన పొద్దంతా రాట్నం ముందే. మగ్గం మీద కూచున్న మనిషి చేతికి చాలినంత నూలు అందించడానికి ఇంటి ఆడవాళ్లందరూ వడకవలసిందే. అయినా ఊళ్లో గొంగడి ఎవరిదంటే నేసిన ఆయన పేరే చెబుతారు. వడికిన ఆవిడ పేరు ఏ కొసకూ అంటుకోదు. మనకు తెలియని సంగతేం కాదు లెండి!

గొంగడి గరుకు. మెరీనో ఉన్నిపోగు ఇరవై మైక్రాన్లుంటే దక్కనీది యాభై దాకా ఉంటుంది. ఆ గరుకుదనంలోనే ఉంది దాని మేలు. ఉన్నిలోని సహజమైన జిడ్డు వల్ల వాన నీరు పైపైన జారిపోతుంది. లోపలికి కొంత తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. ఒక కొసను ముడిచి తలమీద వేసుకుంటే గొడుగు, పరిస్తే పడక, కప్పుకుంటే దుప్పటి. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరుకోవడం, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉండటం మన సామెతల్లోకి వచ్చాయి. ఒళ్లంతా బొచ్చుండే పురుగు కూడా గొంగళిపురుగే అయింది. చివరికి 2025లో అండర్-19 మహిళల ప్రపంచకప్ గెలిపించిన మన భద్రాచలం అమ్మాయి ఇంటిపేరు కూడా గొంగడి. గొంగడి త్రిష ఆట చూసి మురిసినవారిలో ఎందరికి ఆ మాట అర్థం తట్టిందో!

ఈ గొంగడికి పోరాటమూ తెలుసు. నిజాం కాలపు వెట్టిలో గడీలో పండుగైనా పెళ్లయినా కురుమలూ గొల్లలూ గొర్రెలను ఊరికే తోలివ్వాలి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పుల్లో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమయింటి బిడ్డ. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. సాయుధపోరాటానికి ఆ చావుతో నిప్పు రాజుకుంది. ఆ తరవాతెప్పుడో గద్దర్ భుజాన గొంగడి వేసుకుని వేదిక ఎక్కినప్పుడు, అది ఏ ఊరి గుర్తో పల్లెవాళ్లకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

మరి ఆ నల్లగొర్రె ఏమయినట్టు? మిల్లులకు కావలసింది రంగు పట్టే తెల్లని మెత్తని ఉన్ని. నల్ల ఉన్ని వారికి పనికిరాలేదు. ఉన్ని బాగుచేస్తామని సర్కారు విదేశీ పొట్టేళ్లను తెచ్చి సంకరం చేయించిన రోజులున్నాయి. మన ఎండకూ ముళ్లకంపకూ రోజంతా నడకకూ అవి ఎక్కడ తట్టుకుంటాయి? అంతలో మాంసం ధర పెరిగింది. ఇందాక గుర్తుంచుకోమన్న నెల్లూరు గొర్రె ఇక్కడ వచ్చింది. ఎత్తయిన పొట్టేలుతో దాటిస్తే పిల్ల త్వరగా బరువెక్కుతుంది, కాని ఒంటిమీద ఉన్ని తగ్గిపోతుంది. రెండు మూడు తరాలు గడిచేసరికి మంద నున్నబడింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టి, 75 శాతం సబ్సిడీతో ఇంటికి 20 గొర్రెలూ ఒక పొట్టేలూ ఇచ్చింది. బయటి రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చిన వాటిలో ఉన్ని లేని జాతులే చాలా. కాపరిని తప్పుపట్టలేం. పిల్ల చదువుకు ఫీజు కట్టేది మాంసం ధరే గాని గొంగడి కాదు. ఉన్ని అమ్మితే కత్తిరించిన కూలి కూడా గిట్టక గుట్టలుగా పారబోసే చోట్లున్నాయి. నాకు బాధనిపించేది ఒకటే: మంద మారినప్పుడు మగవాడికి కనీసం అమ్ముకోను గొర్రె మిగిలింది, రాట్నం ముందున్న ఆవిడకు ఏమీ మిగలలేదు. ఆ పని పోయిందన్న లెక్క కూడా ఎవరూ వేయలేదు.

సాగరి రాందాస్, నిత్యా ఘోట్గే అనే ఇద్దరు పశువైద్యురాళ్లు స్థాపించిన 'ఆంత్ర' సంస్థ కాపరులతో కలిసి దక్కనీ గొర్రెను నిలబెట్టడానికి పనిచేసింది. ఇప్పటికీ అక్కడక్కడా నల్ల మందలున్నాయి, నేసే ముసలివాళ్లూ ఉన్నారు.

మీకు గొంగడి దొరికి కొనుక్కుంటే ముందుగా ముట్టుకుని చూసుకోండి. గొర్రెపిల్ల మొదటి కత్తిరింపు ఉన్నిది మెత్తగా ఉంటుంది, ధరా ఎక్కువే. మెషీన్‌లో వేయకండి, ముడుచుకుపోతుంది. వేడినీళ్లూ వద్దు. ఏడాదికి రెండుసార్లు ఎండలో పరిచి, దులిపి, ఎండిన వేపాకు మడతల్లో పెట్టి దాచుకుంటే చిమ్మెట పట్టదు. మొదట్లో కాస్త గొర్రెవాసన వస్తుంది. నాలుగు ఎండలు తగిలితే పోతుంది.