రెండు సంతకాలు

ముందే చెప్పేస్తాను. ఈ కథలో నర్సమ్మకు పేరు లేదు, ఎందుకంటే ఆమె ఒక్క మనిషి కాదు. మన్యంలో ఏఎన్ఎం ఉద్యోగం ఎలా సాగుతుందో, ఆ అక్టోబరులో గాలి ఏం చేసిందో రెండూ కలిపి అల్లిన దృశ్యాలివి. గాలి, తేదీలు, చట్టం, డబ్బు లెక్క మాత్రం నిజం.

2014 అక్టోబరు 12, ఆదివారం. మిట్టమధ్యాహ్నం వేళ హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా. తుఫాను అనగానే మనకు సముద్రపు ఒడ్డూ, పడవలూ, ఖాళీ చేయించిన పల్లెలూ గుర్తొస్తాయి. కొండ మీద అయితే రెండు రోజుల ముసురు, అంతే అనుకుంటాం. ఈ తుఫాను ఆ లెక్క పెట్టుకోలేదు. వాయవ్యంగా కదిలి, తూర్పు కనుమలెక్కి, ఛత్తీస్‌గఢ్ వైపు సాగిపోయింది. దారిలో అరకు లోయ. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లే విరిగి కాఫీ మొక్కల మీద పడ్డాయి. ఘాట్ రోడ్లకు చెట్లు అడ్డం పడ్డాయి. కొత్తవలస-కిరండూల్ రైలు దారి దెబ్బతింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి.

అరకు పక్కనే డుంబ్రిగుడ ఆరోగ్య కేంద్రం. చీకటి పడింది. నర్సమ్మ టార్చి వేసి ముందుగా చూసింది మంచాల వైపు కాదు, మూలనున్న తెల్లపెట్టె వైపు. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్. వాళ్ల వాడుకలో ఐఎల్ఆర్. చుట్టుపక్కల ఊళ్ల పసిపిల్లలకు వేయాల్సిన పోలియో చుక్కలు, బీసీజీ, తట్టు టీకా అన్నీ అందులోనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లోపలి గోడల చుట్టూ మంచు పేరుకుని ఉంటుంది గనక రోజుకు 8 గంటలు కరెంటు ఉంటే సరిపోతుంది. అసలే రాకపోతే? మూత తీయకుండా కూర్చోవడమే. ఒక కాగితం మీద పెద్దక్షరాలతో ‘మూత తియ్యొద్దు’ అని రాసి అంటించింది.

టీకా సీసా ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని మీద చిన్న గుండ్రం, గుండ్రంలో తెల్ల చదరం ఉంటాయి. వేడి తగిలినకొద్దీ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతే ఆ మందు పారబోయాల్సిందే. కరెంటు లేని రాత్రి నర్సమ్మకు గడియారం అదే.

జనరేటరు తిరగాలంటే డీజిలు కావాలి. డీజిలుకు డబ్బు కావాలి. డబ్బు లేదా అంటే, ఉంది. గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద అప్పట్లో ఉపకేంద్రానికి ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ ఫండ్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైతే 25,000, మరమ్మతులకు ఇంకో 50,000, ఆసుపత్రి కమిటీకి లక్ష. అవసరాన్ని బట్టి అక్కడికక్కడే వాడుకోమని ఇచ్చిన సొమ్మే. ఉపకేంద్రం ఖాతా మాత్రం ఇద్దరి పేర్ల మీద ఉండేది: ఏఎన్ఎం, సర్పంచ్. ఇద్దరూ సంతకం పెడితేనే పైసా కదిలేది. మామూలు రోజుల్లో మంచి నిబంధనే, కాదనను. ఆ రాత్రి మాత్రం ఒక సంతకం గెడ్డకు, అంటే కొండవాగుకు ఇవతల, రెండోది అవతల. బ్యాంకు తెరిచేదెప్పుడో ఎవరికీ తెలియదు.

తెల్లారేసరికి ఆశా కార్యకర్త తడిసి ముద్దై గుమ్మంలో నిలబడింది.

“నర్సమ్మా, ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యేయి. డోలీ కట్టేరు గానీ గెడ్డ దాటనియ్యట్లేదు.”

“ఎవరు, ఎర్ర సిరా పిల్లేనా?”

నెలలు నిండినవాళ్ల పేర్లు నర్సమ్మ తన రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకుంటుంది. విపత్తు ప్రణాళిక అంటూ ఆఫీసుల్లో బైండు చేసి పెట్టే పుస్తకాలకంటే ఆ పేజీయే నాకు పనికొచ్చేదిగా కనిపిస్తుంది. కాన్పు సంచీ భుజాన వేసుకుని ఇద్దరూ నడిచారు. నీళ్లు తగ్గేదాకా ఆగే వీలు లేదు. ఎగువన సన్నగా పారే చోటు వెతుక్కుని దాటారు. అవతలి ఒడ్డున ఒక పాకలో కాన్పయింది. ఆశాకు అప్పట్లో జీతం లేదు, చేసిన పనిని బట్టి ప్రోత్సాహకమే. బిడ్డ ఆసుపత్రిలో పుడితే ఆమె ఖాతాలో నాలుగు డబ్బులు పడేవి. పాకలో పుడితే ఆ గడి ఖాళీ.

ఆ తరువాతి రోజులు ఊహించుకోవడం కష్టం కాదు. ఊటనీళ్లు బురదెక్కాయి, బ్లీచింగ్ పౌడరు కావాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ కావాలి. అది మలేరియా కాలం కూడా. కిట్లు, మాత్రలు చేతిలో ఉండాలి.

సర్కారు ఊరికే కూర్చుందా అంటే, లేదు. ముఖ్యమంత్రి విశాఖలోనే మకాం వేశారు. 14న ప్రధాని వచ్చి తక్షణ సాయంగా 1000 కోట్లు ప్రకటించారు. కానీ కొండకు సాయం పంపాల్సిన జిల్లా కేంద్రమే తుఫాను కింద నలిగింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఫోన్లు మూగబోయాయి. విశాఖ నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు, మధ్యలో ఘాటీ. అక్కడ వెయ్యి కోట్ల మాట వినబడుతున్నప్పుడు ఇక్కడ కావలసింది ఒక క్యాను డీజిలు.

దీనికి చట్టంలో దారి ఎప్పుడో ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ చదవండి. వెంటనే సరుకు కొనాల్సి వస్తే టెండర్లు పిలవకుండానే కొనుక్కోమని శాఖలకు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అనుమతి ఇవ్వొచ్చు. ఆ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే. అంటే అధికారం ఉంది, అది జిల్లా దాకా వచ్చి ఆగుతోంది. గాలి మొదలయ్యాక అనుమతి అడగాలంటే ఫోను పనిచేయాలి కదా!

మారినవి లేకపోలేదు. 2019లో ఆశాల గౌరవ వేతనం నెలకు 10,000 అయింది. 2020లో, కరోనా పుణ్యమా అని, వైద్య సిబ్బందిని కొట్టి తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు పడేలా చట్టం సవరించారు. కరోనా విధుల్లో ప్రాణం పోతే 50 లక్షల బీమా ఇచ్చారు, ఆశాలకు కూడా. నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రికి చేర్చడం ఇప్పుడు తుఫాను ఏర్పాట్లలో భాగమైంది. 2022 ఏప్రిల్ 4 నుంచి డుంబ్రిగుడ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కలెక్టరు ఇప్పుడు ఘాటీ కింద కాదు, పాడేరులో, కొండ మీదే ఉంటారు.

అందుకే ఈ మాట కలెక్టరుగారికే. అక్టోబరు, నవంబరు మన తుఫాను నెలలు. అల్పపీడనానికి పేరు పెట్టకముందే ఒక కాగితం రాయండి: హెచ్చరిక వచ్చిన గంట నుంచి ఇంత మొత్తం దాకా ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఏఎన్ఎం తమ సంతకంతోనే ఖర్చు పెట్టుకోవచ్చు, లెక్క తరువాత చూపాలి అని. రెండో సంతకం కోసం ఎవరూ గెడ్డ దాటనక్కర్లేకుండా, దాని మీద మీ సంతకం పెట్టి డుంబ్రిగుడకు పంపండి.