రోమకుల వెండి నాణెములు

రోమక చక్రవర్తియైన ఆగస్టసు పండుగనాడు తన వారికి పూర్వరాజుల నాణెములను, పరదేశపు నాణెములను కానుకగా నిచ్చుచుండెనని స్యూటోనియసు వ్రాసినాడు. పాత నాణెములపై మక్కువ అంత పాతది. 1354లో ఇటలీ కవి పెట్రార్కు తాను కూర్చుకొన్న రోమక నాణెములు కొన్ని 4వ చార్లెసు రాజునకిచ్చి, వానిపై ముద్రితులైన మహనీయుల నడవడి నలవరచుకొనుమని హితవు పలికెను.

ఇట్టి సేకరణములలో దెనారియసు అను వెండి నాణెమునకు పెద్దపీట. మన 'దీనారము' ఆ పేరునుండి వచ్చినదే. శ్రీనాథునకు ప్రౌఢదేవరాయల కొలువులో దీనారటంకములతో స్నానమాడించిరన్న ప్రతీతి నెరుగనివారుండరు. అవి బంగారువి, మాట మాత్రము రోమకులది. ఆగస్టసు నాట రోమక పౌను వెండికి 84 నాణెములు ముద్రించుచుండిరి. మూడు కలిసిన ఇంచుమించు మన తులము. క్రీ.శ. 64లో నీరో ఆ పౌనునకే 96 ముద్రింపజేసి, చాలదన్నట్లు రాగియు కలిపించెను. రాజు చేసిన తూకపు దొంగతనమునకు వేరు పేరు లేదు.

హిందూదేశము ఏటేట 5 కోట్ల సెస్టర్సులు లాగుకొనుచున్నదని ప్లినీ వాపోయెను. నాలుగు సెస్టర్సులొక దెనారియసు గనుక లెక్కకది 1 కోటి 25 లక్షల వెండి నాణెములు. నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిక్షేపములోనే 1,531 దొరకినవి; అవి ఆగస్టసు, టైబీరియసుల కాలమువి. మన దేశమున విరివిగా దొరకునవియు ఆ ఇద్దరివే: డాలులతో నిలిచిన ఆగస్టసు మనుమలు ఒకదానిపై, ఆసీనయైన స్త్రీమూర్తి వేరొకదానిపై. నీరోకు ముందే ఇవి వచ్చినవని కొందరు, తరువాతనే మేలిమి చూచి పాతవాని నేరి పంపిరని కొందరు వాదింతురు.

ఈ తగవు తీర్చుటకు ఒంటి నాణెము చాలదు. కుండలో నున్నవి ఎన్ని, ఏ రాజువి ఎన్ని, ఏది ఎంత అరిగినది, అన్నియు ఒక్కచోట చూడవలెను. దొరకినవారు పంచుకొని, కొన్ని కంసాలి మూసలోను కొన్ని సంతలోను పడినచో, మిగిలిన నాణెము అందమైన వెండిబిళ్ల మాత్రమే. చింతపండుతో తోమి మెరుగుపెట్టుట వలన అరుగుదల గుర్తులు కూడ చెడును. భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకిన కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. నాణెములతోపాటు కుండపెంకులను గూడ అప్పగించుట మేలు; ఆ నిక్షేపము ఎప్పుడు పాతిపెట్టబడినదో ఒక్కొక్కప్పుడు పెంకులే పట్టియిచ్చును.