నీళ్ళు త్రాగే రత్నం – ఓపల్ మెరుగు చరిత్ర

రత్నాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం ప్రసిద్ధం. వజ్రానికి గట్టితనం, కెంపుకు రంగు, ముత్యానికి నునుపు. ఓపల్ సంగతి వేరు. దానిని వేళ్ళ మధ్య పట్టుకొని అటూ ఇటూ త్రిప్పితే ఎరుపు, పచ్చ, నీలం రంగులు లోపల కదులుతున్నట్టు కనిపిస్తాయి. లాటిన్ భాషలోని 'ఓపలస్' అనే పేరుకు మన సంస్కృతంలోని 'ఉపల' శబ్దమే మూలమని పలువురు భాషాపండితుల అభిప్రాయం. ఉపలం అంటే రాయి.

ఓపల్ అనగా నీటిని తనలో ఇముడ్చుకొన్న సిలికా. దానిలోని రంగుల రహస్యం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి, కంటికి కనిపించనంత చిన్న సిలికా గోళాలు అందులో వరుసలు వరుసలుగా పేర్చి ఉన్నాయనీ, వెలుగు ఆ వరుసల మధ్య చీలి రంగులౌతుందనీ తేల్చారు. కొన్ని ఓపల్ రాళ్ళలో ఆ గోళాల మధ్య ఖాళీ బొత్తిగా ఉండదు. మరికొన్నింటిలో సన్నని రంధ్రాలుంటాయి. ఈ రెండో రకం రాయి నీళ్ళు పీలుస్తుంది. ఇంటిలో కూర్చుని ఓపల్‌కు సానపట్టే వారి కథ అంతా ఈ రంధ్రాల చుట్టూ తిరిగే కథే.

యూరపులో పూర్వం ఇటువంటి రాయిని 'ప్రపంచ నేత్రం' అని పిలిచి వింతవస్తువుగా దాచుకొనేవారు. మామూలుగా మసకగా ఉండే రాయి నీళ్ళలో వేయగానే గాజులా తేటపడేది, ఆరితే మళ్ళీ మసకబారేది. కొన్నిటిలో దీనికి విరుద్ధం. పొడిగా ఉన్నప్పుడు రంగులు చిమ్మే రాయి తడిస్తే వెలవెలబోతుంది. 1829లో వాల్టర్ స్కాట్ వ్రాసిన 'ఆన్ ఆఫ్ గీర్‌స్టీన్' నవలలో ఒక స్త్రీ ధరించిన ఓపల్ మీద పవిత్ర జలం బొట్టు పడగానే రాయి కాంతి పోతుంది. ఓపల్ అశుభమనే అపోహ పెరగడానికి ఈ నవల కూడా ఒక కారణమంటారు. తడిస్తే రంగు పోవడం కొన్ని ఓపళ్ళకు సహజగుణమేనని తెలిస్తే ఎవరూ భయపడి ఉండేవారు కారు. తెలియనితనం ఒక మంచి రాయికి చెడ్డపేరు తెచ్చింది.

ఇకపోతే, రాయి రంధ్రాలలోకి వేరొక పదార్థం ఎక్కించే విద్య ఓపల్‌తో మొదలైనది కాదు. మన ఉంగరాలలో పొదిగే అకీఖ్ రాయితో మొదలైనది. రోము దేశపు ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే, కొన్ని రాళ్ళను తేనెలో ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఉడకబెట్టేవారని వ్రాసాడు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని ఇదార్ పట్టణపు పనివారు ఆ పద్ధతిని బాగా పెంచారు. అకీఖ్‌ను తేనెలోనో చక్కెర నీళ్ళలోనో నానబెట్టి, తరువాత గంధకికామ్లంలో, అంటే సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో వేసేవారు. ఆసిడ్ చక్కెరలోని నీటిని లాగేసి నల్లని బొగ్గును మిగులుస్తుంది. ఆ బొగ్గు రాయి లోపలే నిలిచిపోతుంది. మార్కెట్లో నల్ల ఓనిక్స్‌గా చెలామణి అయ్యే రాయి చాలావరకు ఇలా తయారైనదే.

ఈ విద్యకు పెద్ద అవకాశం దక్షిణ ఆస్ట్రేలియాలోని అండమూకాలో దొరికింది. ఆ ఎడారి ప్రాంతంలో 1930లో ఓపల్ బయటపడింది. 1954లో ఎలిజబెత్ రాణికి దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం బహూకరించిన 203 క్యారెట్ల ఓపల్ ఈ ఊరిదే. కాని అక్కడ ఇంకొక రాయి కూడా ఉన్నది. రంధ్రాలున్న లేత బూడిదరంగు రాతిలో ఓపల్ సన్నగా చొచ్చుకొని ఉంటుంది. దానిని మేట్రిక్స్ ఓపల్ అంటారు. వెనుక నలుపు లేనందువల్ల రంగులు పైకి తేలవు. రాతి రంధ్రాలకు నలుపు ఎక్కిస్తే అదే రాయి వేరే రాయి అయినట్టు మెరుస్తుంది. గనివారూ, ఇళ్ళలో సరదాగా సానపట్టేవారూ అకీఖ్ పద్ధతినే దీనికి వాడుకొన్నారు.

పని వరుస ఇది. ముందు రాయిని కోసి, కావలసిన ఆకారానికి సానపట్టి, కడిగి, నిదానంగా ఆరబెడతారు. చేతి జిడ్డు కూడా అంటరాదు, అంటితే ఆ చోట నలుపు ఎక్కదు. తరువాత గోరువెచ్చని చిక్కటి చక్కెర నీళ్ళలో కొన్ని రోజులు నానబెట్టి, పైన తుడిచి, ఆసిడ్‌లో ఉంచుతారు. చివరకు పలుమార్లు కడిగి, వంటసోడా నీళ్ళతో మిగిలిన ఆసిడ్‌ను విరిచి, సీరియం ఆక్సైడ్ పొడితో మెరుగు పెడతారు. నలుపు పైపొరలోనే ఉంటుంది గనుక ఆ తరువాత లోతుగా అరగదీస్తే బూడిదరంగు మళ్ళీ బయటపడుతుంది. అందుకే ఆకారం ముందు, నలుపు తరువాత.

వినడానికి వంటింటి పనిలా ఉన్నా, ఇది వంటింటిలో చేసే పని కానే కాదు. వేడి గంధకికామ్లం చర్మాన్ని, కళ్ళను క్షణంలో కాలుస్తుంది. దాని పొగ పీల్చరాదు. ఆసిడ్‌లో నీళ్ళు ఎన్నడూ పోయరాదు. నేర్చినవారి దగ్గర, గాలి ఆడే చోట తప్ప పిల్లలున్న ఇంట్లో దీని జోలికి పోవద్దు. రాయిని అరగదీసేటప్పుడు తడిగానే అరగదీయాలి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీఖ్ పనివారు ఎందరో ఆ పొడి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు బలయ్యారు. మెరుగు రాయికి రావాలి గాని మనిషి ఆరోగ్యం మీదికి రాకూడదు.

2008లో ఇథియోపియాలోని వోల్లో ప్రాంతంలో, వెగెల్ తెనా దగ్గర ఓపల్ నిక్షేపం దొరకడంతో ఈ కథ మరో మలుపు తిరిగింది. రంగులు అద్భుతం. కాని ఈ రాళ్ళలో చాలావరకు నీళ్ళు పీల్చేవే. నీళ్ళు పోస్తూ సానపట్టేటప్పుడు రాయి తేటపడి రంగులు మాయమౌతాయి. క్రొత్తవారు రాయి పాడైందని కంగారుపడతారు. నీడపట్టున కొన్ని రోజులు ఆరనిస్తే రంగులు తిరిగి వస్తాయి. తొందరపడి పొయ్యి దగ్గరో ఎండలోనో పెడితే పగుళ్ళు వస్తాయి. ఓర్పే ఇక్కడ అసలు పనిముట్టు.

ఈ ముడిరాళ్ళు మన జైపూర్‌కు పెద్ద ఎత్తున వచ్చి, అక్కడి పనివారి చేతుల్లో నగీనాలుగా మారుతున్నాయి. కొన్నింటికి పొగపట్టి నలుపు, కొన్నింటికి రంగునీళ్ళతో ఊదా, నీలం ఎక్కిస్తున్నారు. రాయికి మెరుగు దిద్దడం తప్పు కాదు. అది పనితనం. దిద్దిన సంగతి దాచి, ఆస్ట్రేలియాలోని లైట్నింగ్ రిడ్జ్‌లో సహజంగా దొరికే నల్ల ఓపల్ అని అమ్మితే మాత్రం అది మోసం. రెండింటి ధరకూ పోలికే లేదు. చక్కెరతో నలుపు ఎక్కించిన రాయిని భూతద్దంతో చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపిస్తాయి.

కనుక ఇంటిలో ఆడపిల్ల పెళ్ళికనో, ముచ్చటపడో ఓపల్ కొనేవారు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. ఇది నీళ్ళు పీల్చే రాయా? దీనికి రంగుగాని పొగగాని ఎక్కించారా? జవాబును రసీదు మీద వ్రాయించుకోవాలి. నీళ్ళు పీల్చే రాయి అయితే, రోజుకు ఎన్నోసార్లు చేతులు కడుక్కొనే మన ఇళ్ళలో దానిని ఉంగరంగా కంటే లోలకుగా ధరించడం మేలు. అత్తరు, నూనె, సబ్బు నీళ్ళు దాని దగ్గరికి రానివ్వరాదు. నీరు ఆరిపోతుంది గాని నూనె లోపలే ఉండిపోతుంది.

అమ్మేవారికి చెప్పవలసిన మాట ఒక్కటే. ఈ రాయి తన రంధ్రాలలోకి ఏది చేరినా పుచ్చుకొంటుంది. నీళ్ళా, చక్కెరా, పొగా అన్నది కొనేవాడి కంటికి తెలియదు, చేసినవాడికే తెలుసు. తెలిసినవాడు నోరు విప్పి చెప్పినప్పుడే ఆ పనికి గౌరవం, ఆ రాయికి న్యాయమైన వెల.